కడిగిన కంప్యూటర్

వల్లూరులో దాసమ్మకు తెలియని దుమ్ము లేదు. వేరుశనగ చేలు పోయి సోలార్ ప్యానెళ్లు వచ్చినప్పటి నుంచి వాటిని కడగడమే ఆమె పని. నీళ్ల ట్యాంకర్ వెంట తెల్లవారుజామునే వెళ్లి, ఎండ ముదరకముందే ఇంటికి వస్తుంది. మోకాళ్లకు మాత్రం సెలవు లేదు, రోజంతా సలుపుతూనే ఉంటాయి. ఆ మోకాళ్లను చూసే కోడలు సౌభాగ్యకు ఉద్యోగం మీద పట్టుదల పుట్టింది. తన జీతం వస్తే అత్తను ఇంటిపట్టున ఉంచవచ్చని ఆమె ఆశ.

ఊరి పాలడైరీలో కంప్యూటర్ పనికి మనిషి కావాలన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఊరు కర్ణాటకలోది, కన్నడ టైపింగ్ పరీక్ష పెడతారట. సౌభాగ్య బి.ఏ. చదివింది, కన్నడం బాగా వచ్చు, వేళ్లకే వేగం లేదు. అది వేళ్ల తప్పు కూడా కాదు. మొగుడు యోగీశ్ కాపలా కాసే ఆఫీసులో పాతది తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్న కంప్యూటర్ అది. అక్షరం నొక్కి, వెళ్లి చెంబెడు నీళ్లు తాగి వస్తే, అప్పుడు తెర మీద కనబడేది.

"దీన్ని పాతసామాన్ల గుజిరీకి ఏసేద్దాం," అన్నాడు యోగీశ్.

"నిదానమని గుజిరీకి ఏసేటట్లయితే నిన్నెప్పుడో ఏసుండాల," అంది సౌభాగ్య.

ఫోన్‌లో చదివి చదివి ఆమె ఒక సంగతి పట్టుకుంది. పెట్టెలో లోపం లేదు, దాని నెత్తిన పెట్టిన బరువే ఎక్కువ. అందులో ఉన్న లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త యంత్రాలకు తగ్గది. తెర మీద కిటికీ తెరిస్తే నీడలు, మూస్తే విన్యాసాలు. ఈ సోకులన్నీ ముసలి పెట్టె భరించాలి. పావగడ నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకొచ్చి తేలికపాటి లైనక్స్ రకాలు ఒక్కొక్కటే పెట్టి చూసింది. ఒకటి ముచ్చటగా ఉంది గాని, పెట్టె మళ్లీ ఆయాసపడింది. చివరికి డెబియన్ అనే రకం మీద అన్నిటికన్నా సాదా తెరను ఎంచుకుంది. కింద ఒక పట్టీ, పైన ఖాళీ, అంతే. రాసుకోవడానికి పెద్ద ఆఫీసు సాఫ్ట్‌వేర్ తీసి చిన్న అబివర్డ్ పెట్టింది. బ్రౌజర్ కూడా చిన్నదే.

ఒక్కచోట మాత్రం చెయ్యి ఆడలేదు. కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు తెర మీద రంగురంగుల చేపలు ఈదుతాయి. పని నుంచి వచ్చి కాళ్లు చాపుకుని వాటిని చూడటం దాసమ్మకు రోజూ ఉన్న సంబరం.

"అత్తా, ఈ చేపలు శానా బరువు. తీసేస్తా, ఏమనుకోవాకు."

"తీసెయ్‌మ్మా. కూరకొచ్చే చేపలా ఏమన్నా," అంది దాసమ్మ. అయినా ఆ సాయంత్రం నల్లటి తెర ముందు కాసేపు కూర్చుని లేచిపోయింది. సౌభాగ్యకు ప్రాణం ఉసూరుమంది.

ఇప్పుడు అక్షరాలు వేళ్ల వెంటే వస్తున్నాయి. కాని కాసేపు ఆడగానే పెట్టె వేడెక్కి ఆగిపోతోంది.

"లోపల ఫ్యానుకు దుమ్ము పట్టిండాది. అదొక్కటి పోతే సాలు," అని సౌభాగ్య మొగుడితో అనడం దాసమ్మ చెవిన పడింది. దుమ్మంటే ఇక అది ఆమె శాఖ.

పరీక్షకు ముందురోజు సౌభాగ్య లేచేసరికి అత్త పనికి పోకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంగ ఆన్ చేసి సూడమ్మా, ఎట్ల పరిగెత్తుతాదో."

సౌభాగ్య నిద్రకళ్లతో బటన్ నొక్కింది. టప్పుమని చప్పుడు, వెంటనే కాలిన వాసన. అప్పుడు గాని బల్ల కింద నీళ్లు చూసుకోలేదు. పక్క మూత ఎప్పుడో ఊడిపోయిన ఆ పెట్టెలోకి దాసమ్మ చెంబుతో నీళ్లు పోసి, మెత్తటి గుడ్డతో శుభ్రంగా తోమి ఉంచింది.

"సబ్బు గూడా ఎయ్యలేదమ్మా," అంది దాసమ్మ. "వేడి మీద నీళ్లు పడితే పగులుతాదని సల్లగున్నప్పుడే కడిగినా. తుడిసినా గూడా."

ప్యానెళ్లకు పాటించే నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. సౌభాగ్యకు అరవాలనిపించింది. ఆ ముఖం చూశాక కోపం ఎటు పోయిందో పోయింది. దాసమ్మ మాత్రం తనను తాను క్షమించుకోలేదు. ఆ రోజంతా ఎవరు బతిమాలినా ముద్ద ముట్టలేదు.

యోగీశ్ స్క్రూడ్రైవర్ తీసుకుని పెట్టె విప్పాడు. "బోర్డు పోయింది. నువ్వు ఎక్కించిందంతా ఉండే డిస్కు పైనుండాది కదా, అది తడవలే."

తనకు అలవాటైన తెర అందులోనే ఉందని, మర్నాడు ఆ డిస్కును కొంగున కట్టుకుని సౌభాగ్య డైరీకి వెళ్లింది. యోగీశ్ తోడు వెళ్లాడు. వద్దన్నా వినకుండా దాసమ్మ వెనకాలే వచ్చి బయట మెట్ల మీద కూర్చుంది. లోపల డైరీ సెక్రెటరీ ఆదినారాయణప్ప తల పట్టుకుని ఉన్నాడు. డైరీ కంప్యూటర్ ఇంకా ముసలిది. ఆన్ చేస్తే తెర మీద సున్నా తిరుగుతూనే ఉంది తప్ప తెరుచుకోవడం లేదు.

"కొత్తది వచ్చినాక పరీక్ష పెడదాంలేమ్మా. ఎప్పుడొస్తాదో నాకే తెలీదు," అన్నాడు.

"సార్, నా డిస్కు దీంట్లో పెట్టి సూస్తాం. కాకుంటే మీది మీకే పెట్టిస్తాం."

ఆయన సరేనన్నాడు. యోగీశ్ డిస్కు మార్చాడు. సాదా తెర వచ్చింది. కింద పట్టీ, పైన ఖాళీ. సౌభాగ్య వేళ్లు కదిలాయి, అక్షరాలు ఆగకుండా వెంటే నడిచాయి. ఆదినారాయణప్ప పేజీ చదివి, కంప్యూటర్‌ను ఓసారి తట్టి చూశాడు.

"దీంట్లో ఇంత బతుకుండాదా. రేపట్నుంచి రామ్మా."

సౌభాగ్య బయటికొచ్చి అత్త పక్కన కూర్చుంది. "ఉద్యోగం వచ్చింది అత్తా. ఇంగ నువ్వు ప్యానెళ్లు కడిగేకి పోవాకు."

దాసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పోకుంటే ఈ చేతులు ఊరికే ఉంటాయా? ఇంట్లో ఇంగేమేమి కడిగి పెడతానో."

"కడుగు. నువ్వు బాగుంటే సాలు, మిగిలినవి పోతే పోనీ," అంటూ సౌభాగ్య ఇంటి నుంచి తెచ్చిన టిఫిన్ డబ్బా విప్పి ఆమె ఒళ్లో పెట్టింది.

నిన్నటి నుంచి మెతుకు ముట్టని మనిషి, పులుసు ఇంకొంచెం పొయ్యమని అడిగి మరీ తిన్నది.