బొటనవేలి గోరు

పత్తి మొగ్గను ఒలవాలంటే కత్తి పనికిరాదు, కత్తెరా పనికిరాదు. బొటనవేలి గోరు కావాలి. మరీ పొడుగైతే లోపలి పిందె చిట్లుతుంది, మరీ కురచైతే పుప్పొడి తొడుగు ఊడిరాదు. సాయంత్రం ఆడ సాలులో మొగ్గ ఒలిచి ఎర్రకాగితం తొడగాలి. తెల్లారి మగ సాలులో పువ్వు తెచ్చి దానికి పుప్పొడి రాయాలి. కంపెనీ వాళ్లు దాన్ని క్రాసింగు అంటారు. దిగువ జిల్లెళ్లపాడు ఆడవాళ్లు మాత్రం పెళ్లి చేయడం అనేవారు. ఆ పెళ్లిళ్లకు వెంకటరావమ్మే పెద్ద. నలభై మంది ముఠాకు ఆమె మేస్త్రి.

తొంభై తొమ్మిదిలో ఒక విదేశీ విత్తనాల కంపెనీ వాగుకు ఆవల, ఎగువ జిల్లెళ్లపాడులో దిగింది. ఆ ఊరి ప్రేమ్‌చంద్‌ను ఆర్గనైజరుగా పెట్టుకుని అరవై ఎకరాల్లో విత్తనపు పత్తి వేయించింది. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్న ఊళ్లు మూడు నెలల్లో ఎడమొహం పెడమొహం అయ్యాయి. కంపెనీ ఇచ్చిన ఇంజన్లతో ఎగువవాళ్లు వాగును పైనే తోడేశారు. అదేమని అడగబోతే కొట్లాటయింది, కేసులయ్యాయి. దిగువ ఊరి గోడల మీద 'తెల్లదొరా, వెళ్లిపో' అని సున్నంతో రాతలు లేచాయి. ఆ విత్తనం పడ్డ నేలలో గడ్డి కూడా మొలవదని పుకారు పుట్టింది. అయినా తెల్లవారేసరికి వెంకటరావమ్మ ముఠా వాగు దాటి ఆ చేలల్లోకే వెళ్లేది. పనున్నది అక్కడే మరి.

ఒక గురువారం ఆమె పని నుంచి వచ్చేసరికి వాగు వెంట సన్నగా సాగిన తన రెండెకరాల పత్తిలో పసుపు జెండాలు పాతి ఉన్నాయి. నడుమెత్తు చేను, కొమ్మకొమ్మకూ పూత. భర్త ఆదెయ్య గట్టు మీద కూలబడి ఉన్నాడు. పక్కనే ప్రేమ్‌చంద్ నిలబడ్డాడు.

"ఏందబ్బాయ్ ఈ జెండాలు?"

"పిన్నీ, కోపం తెచ్చుకోమాక. విత్తనపు చేనుకి ముప్పై మీటర్లలో వేరే పత్తి ఉండకూడదంట. తేనెటీగలు ఇక్కడి పుప్పొడి మోసుకుపోతే అక్కడ రకం చెడిపోద్ది. రేపు కంపెనీ తెల్లాయన వస్తున్నాడు. పీకేస్తారని మాటిచ్చా."

"నా చేను పీకడానికి నువ్వు మాటిచ్చావా?"

"ముందేసింది మేంరా," అన్నాడు ఆదెయ్య తల ఎత్తకుండా. "నువ్వు దున్నేసరికే మాది మొలకెత్తింది."

ప్రేమ్‌చంద్ చూపు వాగు దాటింది. వాగుకు అవతలి గట్టున ఉన్నది అతని సొంత చేనే.

సంగతి తెలిసి ఆదెయ్య తమ్ముడి కొడుకు వీరబాబు పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా, రేపు ఆ జీపు వాగు దాటదు. తగలబెడతాం."

"ఈ జీపు పోతే ఇంకో జీపొచ్చిద్ది. నీ మీద కేసొచ్చిద్ది. నీ పెళ్లాం ఏడ్చుకుంటా మొగ్గలొలవాల. కూర్చోరా."

"మరి నువ్వేం చేస్తావ్? ఆ తెల్లోడికి దణ్ణం పెడతావా?"

"నా చేతిలో ఏముంటే అది చేస్తా," అని ఆమె తన బొటనవేలు చూసుకుంది.

శుక్రవారం ముఠా ఎప్పటిలాగే వాగు దాటింది. ముందురోజు ఒలిచిన ప్రతి మొగ్గకూ పుప్పొడి రాసింది. ముహూర్తం పెట్టిన పెళ్లి ఆపకూడదంది వెంకటరావమ్మ. పదింటికి ఆ పని ముగించి అందరూ గట్టు మీద బారుగా కూర్చున్నారు. అప్పుడే జీపు వచ్చింది. ఎండకు పండుమిరపకాయలా ఎర్రబడ్డ తెల్లాయన దిగాడు. వెనక ప్రేమ్‌చంద్, ఎగువ ఊరి రైతులు.

"ఏంది పిన్నీ, కూర్చున్నారు?"

"గోళ్లు తీసుకుందామని." రొంటిన దోపిన బ్లేడు ముక్క బయటికి తీసింది.

ప్రేమ్‌చంద్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇయ్యాల శుక్రవారం పిన్నీ. శుక్రవారం గోరు తీస్తే లక్ష్మి ఎల్లిపోద్దంటారు."

"ఎల్లిపోద్ది. ఎవరింట్లోంచి ఎల్లిపోద్దో చూద్దామని."

ఇరవై ఏళ్లుగా నూనె రాసి కాపాడుకున్న గోరు. చటుక్కున కోసేసింది. అది ఎర్రకాగితం మీద పడింది. పక్కనున్న జైతున్‌బీ చెయ్యి చాపింది.

"బ్లేడు ఇటు తే అక్కా. మాకు శుక్రవారమే మంచిది."

గట్టంతా నవ్వు లేచింది. నవ్వుతూనే నలభై బొటనవేళ్లు ముందుకొచ్చాయి.

తెల్లాయన ఏమిటని అడిగాడు.  ప్రేమ్‌చంద్‌కు చెప్పక తప్పలేదు. ఆ జెండాల చేను ఈమెది, పీకితే అందరూ గోళ్లు తీసేస్తారు; గోరు పెరగాలంటే నెల పట్టుద్ది, పూత ఉండేదేమో ఇంకో నెలే. తెల్లాయన ఆ వేళ్లను చూశాడు, అరవై ఎకరాల ఎర్రకాగితాలను చూశాడు.

ఎగువ ఊరి పెద్దరైతు బుల్లయ్య తువ్వాలు దులిపి ముందుకొచ్చాడు.

"ఒరేయ్ ప్రేమ్‌చందూ, ఈ తల్లి చేలో మొక్క పీకితే మా చేలన్నీ మోడులే. నువ్విచ్చిన మాటకి నీ చేను పీక్కో. ఈ సంగతి కూడా ఆయనకి చెప్పు."

ప్రేమ్‌చంద్ చెప్పాడు. తెల్లాయన తలూపి ఏదో చెప్పాడు.

"ముప్పై మీటర్లు ఇటువైపే వదుల్తారంట," అన్నాడు ప్రేమ్‌చంద్ నేల చూస్తూ. "ఆ చెక్క విత్తనానికి తీసుకోరంట. మామూలు పత్తి కింద అమ్ముకోవాలంట."

"ఎవరి చెక్క?" అంది వెంకటరావమ్మ.

"నాదే పిన్నీ."

"మరి ఇంజన్ల సంగతి?"

"రోజు విడిచి రోజు ఆగుతాయమ్మా," అన్నాడు బుల్లయ్య. "దానికి నేను పూచీ."

"అయితే జైతూ, బ్లేడు ఇటియ్యి."

పసుపు జెండాలను ప్రేమ్‌చందే వాగు దాటి వెళ్లి ఒక్కొక్కటీ పెరికాడు. ఆదెయ్య వెనకే నడుస్తూ లెక్క తప్పకుండా చూశాడు. చివరి జెండా చేతికిస్తూ "నీ చేలో పాతుకో నాయనా, పిట్టలన్నా బెదురుతాయి," అన్నాడు.

తిరుగుదారిలో జీపు వాగు ఇసుకలో దిగబడింది. వీరబాబు, వాడి స్నేహితులు పంచెలు ఎగ్గట్టి నెట్టడానికి దిగారు. బుల్లయ్య గట్టు మీంచి అరిచాడు.

"ఏరా, నిన్నటిదాకా కాలుస్తామన్నారంటగా?"

"ఎల్లిపొమ్మని గోడ మీద రాశాం గదా బాబాయ్. పోడానికి సాయం చేస్తన్నాం."

ఆ నెలంతా వెంకటరావమ్మ మొగ్గ ఒలవలేకపోయింది. చేతులు కట్టుకుని సాళ్ల మధ్య పెద్ద ముత్తయిదువలా తిరుగుతూ పని చేయించింది. ఆమె గోరు మళ్లీ పెరిగేసరికి వాగు గట్టు రెండెకరాల్లో మొదటి కాయ తెల్లగా పగిలింది. ఆ పత్తి ఆమె ఎవర్నీ తీయనివ్వలేదు. కొత్త గోటితో తానే తీసి కొంగున వేసుకుంది.