నెత్తుటి తమ్ముడు

తెల్లవాళ్ళ దండులో కొలువు చేసే లెమిజాను ముందుగా అనుమానించింది జాఫిసువా. ఆ మాట అన్నందుకు ఆమె భర్త తుంబు ఇంతెత్తున లేచాడు.

"వాడి భుజానికి కొత్త హోదా పట్టీ వచ్చింది. తెల్లదొరలు ఊరికే ఇస్తారా? దండు మీద పడేముందు ఓ మనిషిని పంపి కనుక్కోవయ్యా," అందామె.

"వాడు నా నెత్తురు మింగాడు. నేను వాడి నెత్తురు మింగాను. ఇప్పుడు కనుక్కోవడానికి మనిషిని పంపితే మాట తప్పినవాణ్ణి నేనవుతాను. ఇంకోసారి ఆ మాటెత్తావంటే బాగుండదు."

మడగాస్కర్ తూర్పు అడవుల్లో ఆ బంధం అలాంటిది. రొమ్ము మీద చిన్న గాటు పెట్టి, కారిన చుక్కను అల్లం ముక్కకద్ది ఒకరిది ఒకరు మింగితే, తోడబుట్టినవాళ్ళు కూడా ఆ తర్వాతే. అలాంటివాణ్ణి పరీక్షించడమంటే పూర్వీకుల ముఖాన ఉమ్మడమే.

ఆ ఏడు దీవి తెల్లవాళ్ళ మీద తిరగబడింది. మొరమంగలో తెల్లవాళ్ళ దండు మీద దెబ్బ పడిందన్న కబురు రాగానే తుంబు మనుషులూ లేచారు. వాళ్ళ దగ్గర ఉన్నవి బల్లేలు, కత్తులు. తుపాకులన్నీ ఫ్రెంచివాళ్ళ దండు విడిదిలో, తాళం వేసిన కొట్లో ఉన్నాయి. ఆ తాళంచెవి లెమిజా దగ్గర ఉంది. కోడి కూసే వేళకు కొట్టు వెనక తలుపు తీస్తానని అతను మాటిచ్చాడు. వాగు వెంబడి రమ్మని దారి కూడా తనే చెప్పాడు. ఆ దారి సంగతి అతనికీ తుంబుకీ తప్ప ఎవరికీ తెలియదు.

కోడి కూసింది. తలుపు తీయలేదు.

తుంబు తమ్ముడు రాలై అందరికన్నా ముందు పరిగెత్తి తలుపుకు భుజం ఆనించాడు. "లెమిజా అన్నా, మేమే, తియ్యి," అన్నాడు. కప్పు మీద నుంచి మరతుపాకులు మొదలయ్యాయి. అవి ముందే వాగు వైపు తిప్పి ఉన్నాయి. రాలై ఆ తలుపు దగ్గరే పడిపోయాడు. చేతిలో తాళంచెవి ఉన్న మనిషికి తలుపు తీయడం ఎంతసేపు? తొడలో గుండు దిగిన తుంబును మిగిలినవాళ్ళు అడవిలోకి మోసుకుపోయి, ఒక రాతిచరియ కింద దాచి, తిండి వెతకడానికి వెళ్ళారు.

వాళ్ళ చేత కబురు అందుకుని జాఫిసువా అన్నం మూటతో అక్కడికి వచ్చింది. ఆమె ముఖం తేటగా ఉంది.

"లెమిజా మన రాలైని ఇంటికి తెచ్చాడయ్యా. శవాలన్నీ ఒకే గోతిలో పడేస్తుంటే దొర కాళ్ళు పట్టుకుని అడిగాడట. తనే భుజాన మోశాడు. తన డబ్బుతో పట్టుబట్ట కొని చుట్టాడు. మన పెద్దల సమాధి రాయి జరిపించి మీ నాన్న పక్కన పడుకోబెట్టాడు. నాకంటే ఎక్కువ ఏడ్చాడు."

తుంబు కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడు అనాథలా పోలేదు, పెద్దల మధ్య పడుకున్నాడు. అంతకన్నా ఏం కావాలి? గుండెలో గడ్డకట్టిందేదో కరగబోయింది.

"ఆ రాత్రి దొరలు తన దగ్గర తాళాలు లాగేసుకున్నారట," అంది ఆమె.

"మరి తుపాకులు వాగు వైపు ఎందుకు తిప్పి ఉన్నాయట?"

"ఏ వాగు?"

ఆమెకు ఆ సంగతి తెలియదని అతనికప్పుడు గుర్తొచ్చింది. గొంతు తగ్గించి అడిగాడు: "నా గురించి అడిగాడా?"

"గాయానికి మందు తెస్తానన్నాడు. మొన్న అనుమానించి నీచేత తిట్లు తిన్నాను కదా. ఆ పట్టుబట్ట చూశాక నా మీద నాకే సిగ్గేసింది. నువ్వెక్కడున్నావో చెప్పాను."

కింద లోయలో పక్షులు గోలగా లేచాయి. ఆ వెనకే పిలుపు వినిపించింది. "అన్నా, నేనే, లెమిజాని. ఒక్కణ్ణే వచ్చాను."

నాలుగు పక్కలా వెదురు కదులుతోంది. జాఫిసువా ఆ వెదురు వైపు చూసి భర్త వైపు తిరిగింది.

"నీ తప్పేం లేదు. నీకు అలా నేర్పింది నేనే," అన్నాడు తుంబు. "చరియ వెనక సందుంది. పాకుతూ పో. వెనక్కి చూడకు."

ఆమె కదలకపోతే మెడ మీద చెయ్యి వేసి తోశాడు. ఆమె సందులోకి దూరేదాకా ఆగి, కుంటుకుంటూ వెలుతురులోకి వచ్చాడు. తుపాకులన్నీ తన వైపు తిరగాలని చేతులు రెండూ పైకెత్తి, గట్టిగా పిలిచాడు.

"ఇటు, తమ్ముడూ. ఇక్కడున్నాను."