ఫోనమ్మ గదిలో చప్పుడు

ఊరందరి కంప్యూటర్లూ బాగుచేసే మరిది ఇంట్లోనే ఉన్నాడు, వదిన కంప్యూటరు మాత్రం పిండిమరలా మోగుతోంది. వినేవాళ్లకి ఇది నవ్వులాట. ఫోనమ్మకి ఒళ్లు మండిపోయేది.

ఫోనమ్మ అన్నది అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదు, మొగుడు పెట్టింది. బట్టలుతికే మిషన్లు అమ్మే ఒక కంపెనీకి ఇంటి నుంచే ఫోన్లో జవాబులు చెప్పే పనిలో చేరింది కదా, ఆ వారమే చుట్టాలందరి ముందూ ఆ పేరు పెట్టేశాడు. "మా ఫోనమ్మకి నేనే దగ్గరుండి గది కట్టించాను. ఆడవాళ్లు పని చేస్తానంటే అడ్డుపడే రకం కాదు నేను" అని చెప్పుకుని మురిసిపోయాడు. గదంటే ఏం గది లెండి. హాల్లో ఓ మూల ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి, తలుపు బదులు కర్టెన్ వేలాడదీసిన అర. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, బల్లకింద మరిది షాపులో మూలపడి ఉన్న పాత కంప్యూటరు.

ఆ డబ్బాలో వేడి తగ్గించడానికి ఉన్న చిన్న ఫ్యానుదే ఈ గోలంతా. పొద్దున గుర్రుమంటూ మొదలుపెట్టి, మధ్యాహ్నానికి కీచుమని ఏడుపు అందుకునేది. చప్పుడుంటే ఫోనమ్మ లోపల ఉన్నట్టు, లేకపోతే వంటింట్లోనో డాబా మీదో ఉన్నట్టు. ఆ ఇంట్లో ఆవిణ్ణి ఎవరూ వెతకాల్సిన పని లేకుండా పోయింది.

ఫోన్లో అవతలివాళ్లు ఊరుకుంటారా? "ఏమ్మా, పిండిమరలో కూర్చుని మాట్లాడుతున్నావా?" అని ఒకాయన అడిగాడు. ఇంకో పెద్దావిడ మిషను మోగుతోందని ఫోన్ చేసింది. ఎలాంటి చప్పుడండీ అని పద్ధతి ప్రకారం అడిగితే, "ఇదిగో, నీ వెనకాల వస్తోందే, అచ్చం అలాంటిదే. నువ్వేం చేశావమ్మా దానికి?" అంది. ఫోనమ్మకి సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

కంపెనీ సూపర్‌వైజరు మంచిదే. ఉన్నమాట మొహం మీదే చెప్పింది. "నీ మాట బావుంది, నీ ఓపిక బావుంది, ఆ చప్పుడే బాలేదు. సోమవారం నుంచి పైవాళ్లు నీ కాల్స్ వింటారు. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. చప్పుడుంటే మాత్రం తీసేస్తారు, నేనేం చెయ్యలేను."

ఈ పని పోతే ఏం పోతుందో ఫోనమ్మకే తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఎవరో ఒకరు ఆవిణ్ణి ఏం చెయ్యమంటారని అడుగుతారు, చెప్పింది వింటారు. పెళ్లై ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ కిటికీ తియ్యాలా వెయ్యాలా అని కూడా ఆవిణ్ణి అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మరిదిని బతిమాలింది. "కాస్త టీ పెట్టు వదినా, ఈలోగా చూస్తా" అనేవాడు. ఆవిడ టీ తెచ్చేసరికి చేతులు దులుపుకుంటూ కనిపించేవాడు. ఒకసారి బోర్డు పాతదైపోయిందన్నాడు. ఇంకోసారి ఆ రకం ఫ్యాన్లు ఇప్పుడు రావట్లేదన్నాడు. మరోసారి ఏమీ అనకుండా టీ తాగి వెళ్లిపోయాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, ఈ పెరటి చెట్టుకి టీ కూడా పొయ్యాల్సొచ్చింది.

మొగుడైతే తల నిమిరి మరీ జాలి చూపించాడు. "తమ్ముడే కాదన్నాక ఇంకెవరు చేస్తారు చెప్పు? పోతే పోనీ, నీకంటే ఎక్కువా ఆ ఉద్యోగం?" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది పిచ్చి మొహం.

ఆదివారం మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ బయటికెళ్లారు. తెల్లారితే సోమవారం. ఫోనమ్మ ప్లగ్గు పీకేసి, డబ్బాని బల్లకింది నుంచి లాగి, స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంది. పాడైతే పాడవుతుంది, ఎలాగూ పోయేదేగా అనుకుంది.

పక్క రేకు ఊడదీసేసరికి ఆవిడ చేతులు ఆగిపోయాయి. లోపల దుమ్ము దూది పరుపులా పేరుకుని ఉంది. ఫ్యాను రెక్కల మీద, వైర్ల మీద, మూలమూలలా ఒకే మందాన, ఎక్కడా చెదరకుండా ఉంది. ఇన్నిసార్లు చూశానన్నవాడి వేలిముద్ర ఒక్కటీ లేదు. రేకు కూడా తియ్యలేదన్నమాట. ఎంత బద్ధకస్తుడురా నువ్వు అని పళ్లు నూరుకుంది. బద్ధకమే అనుకుంది అప్పటికి.

పాత టూత్‌బ్రష్షుతో దుమ్మంతా దులిపింది. ఫ్యానుని వేలితో తిప్పి చూస్తే రెండు చుట్లు తిరిగి, గరగరమని ఆగిపోయింది. ఆ గరగర ఆవిడ ఎరిగిందే. ఎన్నేళ్లు కుట్టుమిషను తొక్కలేదు? నూనె ఎండిపోతే ఏదైనా అలాగే ఏడుస్తుంది. ఫ్యాను ఊడదీసి, నడుమ అతికించిన గుండ్రటి కాగితం మెల్లిగా లేపి చూస్తే ఇరుసు పొడిబారి కనిపించింది. ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి, కాగితం మళ్లీ అతికించి, నాలుగు స్క్రూలూ బిగించి, డబ్బాని బల్లకిందకి తోసి ప్లగ్గు పెట్టింది.

చప్పుడు లేదు. ఫ్యాను తిరగట్లేదేమోనని వంగి, డబ్బా వెనక చెయ్యి పెట్టి చూసింది. గాలి తగిలింది. చక్కగా తిరుగుతోంది. కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత ఆ గదిలో తన ఊపిరి తను విన్నది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. అన్నదమ్ములు వచ్చి హాల్లో కూర్చున్నారు. ప్లైవుడ్ చెక్కకి అటు వాళ్లు, ఇటు ఈవిడ.

"వదిన లేదా?" అన్నాడు తమ్ముడు.

"చప్పుడు లేదుగా. డాబా మీద బట్టలు తీస్తున్నట్టుంది."

తమ్ముడు గొంతు తగ్గించాడు. "అన్నయ్యా, రేపట్నుంచి వదిన కాల్స్ వింటారట. నాకు మొహం చెల్లట్లేదు. ఒక్క చుక్క నూనెతో పోయేదానికి ఇన్నాళ్లు అబద్ధాలు చెప్పించావు. రేపు పొద్దున్నే వేసేస్తా."

"వెయ్యకు. ఇన్నాళ్లు ఆగావు, ఇంకో నాలుగు రోజులు ఆగు. వాళ్లే తీసేస్తారు."

"ఇష్టం లేకపోతే మానెయ్యమని నువ్వే చెప్పొచ్చుగా?"

"నేనెలా చెప్తానురా? అడ్డుపడనని అందరి ముందూ అన్నానాయె. నేను మాన్పిస్తే జన్మంతా దెప్పుతుంది. వాళ్లు తీసేస్తే నాలుగు రోజులు ఏడుస్తుంది, నేను ఓదారుస్తాను, అక్కడితో సరి. మునుపు పిలిస్తే పలికేది. ఇప్పుడు నేను మాట్లాడబోతే చెయ్యెత్తి ఆగమంటోంది. నా ఇంట్లో నన్నే ఆగమంటోంది."

పామూ చావాలి, కర్రా విరక్కూడదు. ఆ పాము తనేనని ఫోనమ్మకి అప్పుడు తెలిసింది. మాన్పించాలనుకోవడం కాదు ఆవిణ్ణి కోసింది, ఆ ఓదారుస్తాననడం. ఆ తల నిమిరిన చెయ్యి గుర్తొచ్చి, నెత్తిమీద ఏదో పాకినట్టై జుట్టు దులుపుకుంది. చెంప పగలగొట్టినా ఇంత మండేది కాదు. కదలకుండా కూర్చుంది.

ఫోన్ ఛార్జరు కోసం కర్టెన్ పక్కకి లాగిన మొగుడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇక్కడే ఉన్నావా? కంప్యూటరు ఆపేశావేం?"

"ఆపలేదు. మీరు వచ్చినప్పట్నుంచీ నడుస్తూనే ఉంది."

ఆయన వెలుగుతున్న తెర వంక చూశాడు. బల్ల మీది నూనె సీసా చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనకాలే వచ్చిన మరిది తల వంచుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"నీకు ఇకమీదట టీ లేదు" అంది వాడితో. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "మానెయ్యమని మొహం మీద చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. పోట్లాడి, మీ మాట విన్నా వినేదాన్నేమో. నన్ను ఏడిపించి, కళ్లు కూడా మీరే తుడుద్దామనుకున్నారు. అది నేను మర్చిపోను."

"అది కాదే, నేను చెప్పేది విను..."

ఫోనమ్మ చెయ్యెత్తింది. ఆయన ఆగిపోయాడు.

"మీ ఇబ్బందేంటో చెబుదురుగాని, వింటాను. వినడమే కదా నా పని" అంది, ఫోన్లో మాట్లాడే గొంతుతోనే. "ఇప్పుడు కాదు. రేపు పొద్దున నాకు డ్యూటీ ఉంది. అది అయ్యాక."

హెడ్‌ఫోన్ తీసి తలకి పెట్టుకుని, కుర్చీ తెర వైపు తిప్పుకుంది. ఆయన చేతిలో కర్టెన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.