నడుం బెల్టు

మంగయ్యకు జబ్బు ఖాయమైందని తెలిసిన రోజున కాలనీలో సంతోషించని వాళ్లు ఇద్దరే. ఒకరు మంగయ్య, రెండోది ఆయన కడుపు.

ఇందులో వింతేమీ లేదు. బొగ్గుబాయిలో పనిచేసే మనిషికి పెద్ద జబ్బేదైనా వచ్చి, మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' అని రాస్తే, ఆ ఉద్యోగం ఇంట్లోవాళ్లలో ఒకరికి, కొడుకు లేకపోతే అల్లుడికైనా, వస్తుంది. అందుకే ఆ కాలనీలో అన్‌ఫిట్ అయినవాడు పాసైనట్టు. ఫిట్ అని రాయించుకుని ఇంటికొచ్చినవాడు, పాపం, ఫెయిలైనట్టు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని పరామర్శించడానికి జనం బయల్దేరే చోటు లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

మంగయ్యది సపోర్ట్‌మన్ పని. బాయిలోపల బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టాలి. కప్పు కిందికి ఉన్న చోట షిఫ్టంతా వంగే ఉండాలి. నడుముకు బిగించిన బెల్టుకు ఒక పక్క లైటు బ్యాటరీ, ఇంకో పక్క విషగాలి కమ్మితే ఊపిరి అందించే డబ్బా వేలాడుతుంటాయి. ఇరవై ఆరేళ్లు అలాగే పనిచేశాడు. రెండేళ్ల కిందట, వంగినప్పుడల్లా నోట్లోకి పులుపు ఎగదన్నడం మొదలైంది. రొమ్ము మధ్యలో పచ్చిమిర్చి నూరి పూసినట్టు మంట. అందరూ గ్యాస్ అన్నారు. ఒకడు సోడా తాగమన్నాడు, ఒకడు వాము నమలమన్నాడు. అన్నీ చేశాడు. మంట మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

చివరికి ఖమ్మంలో ఒక డాక్టరు గొంతులోంచి గొట్టం దింపి చూసి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఛాతీకీ కడుపుకీ మధ్య ఒక కండర తెర ఉంటుంది. అన్నం గొట్టం దిగడానికి దానికో కంత ఉంటుంది. ఆ కంత వదులై, కడుపు పైభాగం కొంచెం ఛాతీలోకి జరుగుతోంది. దాని పేరు హయటస్ హెర్నియా. ప్రాణం మీదికి తెచ్చేది కాదు గానీ, జీవితాంతం దానితో సర్దుకుపోవాలి. పరగడుపున మాత్ర వేసుకో, కొంచెం కొంచెంగా తిను, తిన్నాక మూడు గంటలు పడుకోకు, మంచం తలవైపు ఎత్తు పెట్టు, వంగడం తగ్గించు, నడుం దగ్గర ఏదీ బిగించకు.

మొదటి నాలుగూ మంగయ్య తుచ తప్పకుండా పాటించాడు. ఆయన అడక్కుండానే భార్య సారక్క మంచం తలకోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టింది. కారం లేనిదే ముద్ద దిగని మనిషి, ఆయనతో పాటు తనూ చప్పటి బీరకాయ కూరే తిన్నది. పొద్దుగూకక ముందే కంచం పెట్టేది. ఇంకెవరు నమ్మకపోయినా ఈమె నమ్మింది అనుకున్నాడు మంగయ్య.

మిగిలిన రెండూ ఆయన చేతిలో లేవు. అందుకని కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. బరువు నడుముకు కాకుండా భుజాలకు వేసుకోనివ్వండి, కప్పు ఎత్తుగా ఉన్న చోట పని ఇవ్వండి. రెండే రెండు లైన్లు. దానికే బోర్డు ముందుకు రమ్మని కబురొచ్చింది. బోర్డు అనే మాట వినగానే కాలనీ చెవులు నిక్కపొడుచుకుంది.

"హెర్నియా అంటే గజ్జల్ల గదనే ఉండేది! ఏదీ, లుంగి జరిపి చూపియ్" అని ఒకడు ఎకసెక్కం చేశాడు.

"మంచి జబ్బే పట్టినవ్ మంగన్నా. బయటికి కనపడది, ఎవ్వడు కాదనలేడు" అని ఇంకొకడు భుజం తట్టాడు.

మంగయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. కడుపులో మంట చాలదన్నట్టు ఇదొకటి.

మూడో రోజు దమ్మపేట నుంచి అల్లుడు తిరుపతి దిగాడు. పామాయిల్ గెలలు తోలే ట్రాక్టరు నడుపుతాడతను. పెళ్లయిన మూడేళ్లలో అత్తగారింటికి అరటిపండు తెచ్చిన పాపాన పోలేదు. ఈసారి రెండు కిలోల కోడికూర పట్టుకొచ్చాడు. వండించుకుని, తిని, మామకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

"బోర్డుల నిలవడలేనట్టు గోడ పట్టుకోవాలె మామా. రోజూ రక్తం కక్కుతున్న అని చెప్పు."

"నేను అన్‌ఫిట్ అడుగుతలేను అల్లుడా. బరువు భుజాలకు ఏసుకుంట అంటున్న. గంతే."

తిరుపతి చప్పట్లు కొట్టి నవ్వాడు. "అవ్ మామా, గట్లనే అనాలె! వద్దు వద్దు అన్నోన్నే నమ్ముతరు."

ఇలాంటివాడితో ఏం మాట్లాడతాం? మంగయ్య తన పెరుగన్నం గిన్నె తీసుకుని అరుగు మీదికి పోయాడు. సారక్క మాత్రం లోపలే ఉండి, అల్లుడి మాటలు వింటూ గిన్నెలు సర్దుకుంది.

బోర్డులో పెద్ద డాక్టరు కళ్లజోడు పైకి తోసుకుని, మంగయ్య మొహం చూడకుండానే అడిగాడు. "సర్వీసు ఇంకా ఎన్నేళ్లుంది?"

"ఆరేండ్లు సార్."

"అన్‌ఫిట్ కావాలి, అంతేనా?"

"వద్దు సార్. నేను పని చేస్త. బెల్టు నడుముకు బిగిస్తేనే తిన్నది గొంతులకొస్తుంది."

డాక్టరు అప్పుడు తలెత్తి చూశాడు. ఆ చూపులో కొంచెం నమ్మకం మొలిచినట్టే అనిపించింది మంగయ్యకు. "ఇంటి నుంచి ఎవరైనా వచ్చారా?" అన్నాడు డాక్టరు. అటెండరు బయట బెంచీ మీదున్న సారక్కను పిలిచాడు. ఇంట్లో ఎలా ఉంటాడమ్మా అని డాక్టరు ఆమెను అడిగాడు.

సారక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "రోజూ రక్తం కక్కుకుంటడు సారూ. గిలాసెడు."

మంగయ్య గిర్రున ఆమె వైపు తిరిగాడు. డాక్టరు గొట్టం పరీక్ష రిపోర్టు చూశాడు. ఎక్కడా పుండు లేదు. రక్త పరీక్ష చూశాడు. రక్తానికి లోటే లేదు. ఫైలు మూసేశాడు.

"గ్లాసెడు రక్తం రోజూ పోతే నీ మొగుడు ఇలా నిలబడడమ్మా. రోజుకు పదిమంది వస్తారు మీలాంటి వాళ్లు." ఫిట్, పాత పనికే, అని రాసి పంపించేశాడు.

ఇంటికి వచ్చేదాకా మంగయ్య ఆమెకు పదడుగుల ముందే నడిచాడు. గడప దాటాక మాత్రం ఆగలేకపోయాడు.

"నా మంట నిజం సారక్కా! రెండేండ్ల నుంచి నిద్ర లేకుంట కూసున్నది నిజం. గింత నిజాన్ని ఒక్క మాటతోని అబద్ధం జేసినవ్. అల్లునికి నౌకరి గావాల్నా నీకు?"

"అల్లుడెవడు?" సారక్క కూడా గొంతు పెంచింది. "బాయి సైరన్ మోగితే ఇరవై ఆరేండ్లు నా గుండె చేతుల పట్టుకున్న. నువ్వు బయటికొస్తే చాలనుకున్న. నీకు నడుం బెల్టు ఒక్కటే కనపడ్డది. నాకు బాయే కనపడ్డది."

"ఆ మాట నాకు చెప్పాలె. డాక్టరుకు గాదు."

ఆ పూట ఆయన కంచంలో పెట్టిన కూర అలాగే ఉండిపోయింది. ఆమె కూడా తినలేదు.

తెల్లారి ఆమె ఆయన బెల్టు తీసుకుని, బజారులో బడిసంచులు కుట్టే హఫీజ్ దగ్గరికి పోయింది. హఫీజ్ ఆమె చెప్పిందంతా విని, రెండు దట్టమైన నవారు పట్టీలు భుజాల మీదుగా వచ్చేలా బెల్టుకు కుట్టిచ్చాడు. బ్యాటరీ, డబ్బా బాయి దాటి రావు కాబట్టి, ఆ బరువు డాక్టరుకు తెలిసేలా ఇంట్లో ఇటుకను రెండు ముక్కలు చేసి, గుడ్డలో చుట్టి, బెల్టుకు చెరో పక్క కట్టింది.

"నడువ్, పోదాం" అన్నది మంగయ్యతో. "నేను జేసింది నేనే సరిజేస్త."

డాక్టరు వాళ్లను చూడగానే మొహం చిట్లించాడు. సారక్క చేతులు కట్టుకుని నిలబడింది. "నిన్న నేను చెప్పింది అబద్ధం సారూ. ఈయన చెప్పిందే నిజం."

"నిన్నటిది అబద్ధమని ఇవాళ అంటున్నావు. ఇవాళ్టిది అబద్ధమని రేపు వచ్చి చెప్తావా?"

అంతే, మంగయ్య బెల్టు తీసి టేబుల్ మీద పెట్టాడు. పెట్టడమేమిటి, పడేశాడు. పెన్నుల డబ్బా ఎగిరిపడింది.

"మీరే కట్టుకోన్రి సార్! పొద్దుగాల తిన్న టిఫిన్ కడుపుల ఉండంగనే గట్టిగ బిగిచ్చి, పది నిమిషాలు వంగున్రి. నేను షిఫ్టంతా వంగుత. ఆ తర్వాత ఏం రాస్తరో రాయున్రి." చొక్కా ఎత్తాడు. నడుం చుట్టూ చర్మం నల్లగా కాయకాసి ఉంది. "రక్తం గావాల్నా మీకు? నాకు రక్తం రాదు. మంటనే వస్తది. మంటకు రిపోర్టు లేదని నాది మంట గాకుంట పోతదా?"

అటెండరు పరుగెత్తుకొచ్చాడు. డాక్టరు మొహం ఎర్రబడింది. బెల్టును పక్కకు నెట్టబోయాడు, అది ఒక చేత్తో సులువుగా కదల్లేదు. రెండు చేతులతో లేపాడు. కొంచెంసేపు అలాగే పట్టుకుని, కింద పెట్టి, ఫైలు తెప్పించుకున్నాడు. అడుగున ఉన్న దరఖాస్తు బయటికి తీశాడు. రెండు లైన్లు చదవడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇందులో అన్‌ఫిట్ అన్న మాటే లేదు కదా."

"లేదు సార్. నిన్న గూడ లేదు."

డాక్టరు క్షమించమని అనలేదు. అంత పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఆ మాట తొందరగా రాదు. నిన్నటి కాగితం మీద ఇంకో రెండు లైన్లు రాశాడు. ఫిట్. బరువు భుజాలకు వేసుకోవచ్చు, వంగే చోట పని ఇవ్వరాదు. ముద్ర వేసి చేతికిచ్చాడు.

కాలనీ మలుపులో నలుగురూ కాచుకునే ఉన్నారు. సారక్క చేతిలో ఫోను అప్పటికి మూడోసారి మోగుతోంది. అల్లుడు.

"ఏమాయె మంగన్నా? పాసా, ఫెయిలా?"

మంగయ్య నోరు తెరిచేలోపే సారక్క ఫోను కట్ చేసి ముందుకొచ్చింది.

"ఫిట్!" అని అరిచినట్టే చెప్పింది. "నా మొగుడు ఫిట్. రేపు ఫస్ట్ షిఫ్టు."

ఆఖరి మాట దగ్గర ఆమె కళ్లు బాయి వైపు తిరిగాయి. మంగయ్య అది చూశాడు. ఇటుక ముక్కలు ఇంకా విప్పని ఆ బెల్టును భుజాన వేసుకుని, ఆమె పక్కనే ఇంటి వైపు నడిచాడు.