గీత బయట చర్చి

దేవకుమారి రోజూ కాఫీ తాగి, బియ్యప్పిండి డబ్బా సంచిలో పడేసుకుని కూతురుంటున్న విదేశపు ఊరు క్లోనీలో పొలాల్లోకి నడిచేది. లాక్‌డౌన్‌లో ఐదు కిలోమీటర్ల వరకే వెళ్లనిచ్చేవాళ్లు. పాడుబడ్డ చర్చి మూడు కిలోమీటర్లే. ఏడొందల ఏళ్లనాటిది; కప్పు లేదు, తలుపు లేదు. గుమ్మం ముందు ఊడ్చి ముగ్గేసేది.

"ఎవరిదో గుమ్మం, నీకెందుకమ్మా?" అంది కూతురు సుధేష్ణ, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

"ముగ్గు లేకపోతే చావిల్లనుకోరూ?"

కాకినాడలో భర్త కరోనాతో పోయి నలభై రోజులు. విమానాల్లేక చితిని ఫోన్లోనే చూసింది. ఇంట్లో మీటింగులు, పిల్లల క్లాసులు. గట్టిగా ఏడవడానికి కూడా జాగా లేదు. ఆ చర్చిలో కూర్చుని కరువుతీరా ఏడ్చేది.

ఆ చర్చి తనంతట తానే కదిలి నడుస్తుందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. నడిచి నడిచి, పటంలో రక్షిత స్థలమని గీసిన గీత దాటి పన్నెండడుగులు బయటికొచ్చేసింది. పొలం యజమాని డెర్మట్‌కి కావలసిందీ అదే. అక్కడ గోడౌను కడతాడట.

"గోడలన్నీ గీత లోపలుంటేనే రక్షణ. బయటున్నది రాళ్లగుట్ట. ఇంకో రెండు వారాలకి, సోమవారం, కూల్చే మిషనొస్తుంది," అన్నాడు సుధేష్ణతో.

దేవకుమారికి ఒళ్లు మండిపోయింది. "ఎవడబ్బ సొమ్మని కూలగొడతాడే?"

ముగ్గు ఎక్కడుంటే తెల్లారేసరికి చర్చి గుమ్మం అక్కడుంటుందని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. అప్పట్నించి గీత వైపు రోజుకో అడుగు జరిపి ముగ్గేసింది. చర్చి మారాం చెయ్యకుండా వచ్చేది. వానలు పడి కొన్ని ముగ్గులు కొట్టుకుపోయాయి. సోమవారానికి వెనకగోడ ఇంకా అడుగు బయటే ఉంది.

మిషనొచ్చింది. పురాతన కట్టడాల ఆఫీసు అమ్మాయి టేపు పరిచి, దిగులుగా తల అడ్డంగా ఊపింది. "అడుగు తక్కువ. నేనేం చెయ్యలేను."

దేవకుమారి గుమ్మంలో చతికిలబడి, ముందుకు వంగి చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా, లే! డెర్మట్ పోలీసుల్ని పిలుస్తాడు!" అంది వెంటొచ్చిన సుధేష్ణ.

"పిలవనీ. మీ నాన్న పోయినప్పుడు రూల్సన్నారు, నోరు మూసుకున్నా. ఇప్పుడు మూసుకోను."

డబ్బాలో పిండంతా అయిపోయింది. మిషను చెయ్యి పైకి లేచింది. చర్చి ఆవిడని గుమ్మంలో కూర్చోబెట్టుకునే అడుగు ముందుకేసింది.

"కొలుచుకో నాయనా ఇప్పుడు," అంది దేవకుమారి డెర్మట్‌తో, తెలుగులోనే.

ఆఫీసమ్మాయి కొలిచి, "లోపలే" అని రాసుకుంది. సంరక్షకులెవరు అన్న గడి దగ్గర ఆగి, ఆవిడ పేరడిగింది.

సుధేష్ణ నెమ్మదిగా, "విమానాలు మళ్లీ మొదలయ్యాయి, వచ్చేవారం కాకినాడకి నీ విమానం ఉందిగా అమ్మా," అంది.

"పోనీ దాన్ని. దేవకుమారి అని రాయమను."