ఈల తర్వాత చేప

పొద్దున్నే రోసాల్బా గడ్డకట్టిన హెర్రింగ్ చేపల్ని నీళ్ళలో పడేసి విడదీస్తుంది. వెర్నా ఒక్కొక్కదాన్నీ వేళ్ళ మధ్య తిప్పి చూసి, పొట్ట చిట్లినవి పారేసి, మంచి చేప మొప్ప కింద విటమిన్ బిళ్ళ దూర్చి మేబెల్ బకెట్లో వేస్తుంది. ఆ గదిని చేపల వంటిల్లు అంటారు గాని అందులో పొయ్యి లేదు. వేళ్ళు మొద్దుబారిపోయే చలి ఉంది, రోసాల్బా నోరు ఉంది. ఆ రెండింటినీ తట్టుకున్నవాళ్ళే అక్కడ మిగులుతారు.

బయట నెబ్రాస్కా మొక్కజొన్న చేలు. ఏ సముద్రం చూడాలన్నా రోజుల తరబడి కారు తోలాల్సిందే. ఆ చేల మధ్యలో కెప్టెన్ హస్కిల్ సముద్రలోకం వెలిసింది. ఆ హస్కిల్ కెప్టెనూ కాదు, సముద్రం మొహం చూసిందీ లేదు. కోత యంత్రాలు అమ్ముకున్న మనిషి. తిమింగిలం నోరులాంటి గేటు కట్టించాడు, ఆక్టోపస్ రంగులరాట్నం తెప్పించాడు, డాల్ఫిన్లకీ సముద్రసింహానికీ పెద్ద కొలను తవ్వించాడు. తడవడానికే వచ్చేవాళ్ళ కోసం ముందు వరస బల్లలకి నీలం రంగు వేయించాడు. సంచుల్లో వచ్చిన ఉప్పుని కుళాయి నీళ్ళలో కలిపి, ఇదే సముద్రం అన్నాడు.

నీళ్ళు నమ్మాయి. పోటూ ఆటూ నేర్చుకున్నాయి.

రోజూ పోటు వేళకి కొలను గట్టు దాటి నీళ్ళు మెల్లగా పైకొస్తాయి. బల్లల కిందనుంచి, పాప్‌కార్న్ బండి చుట్టూ తిరిగి, కార్లు నిలిపే చోటు దాకా పోయి, అక్కడ కాసేపు ఆకాశాన్ని పరుచుకుని పడుకుంటాయి. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి మళ్ళి కొలనులో సర్దుకుంటాయి. పోతూ పోతూ గవ్వలు వదులుతాయి, నాచు వదులుతాయి, ఒకసారి ఎవరిదో ఒంటి బూటు వదిలాయి. గేటు దగ్గర పలక మీద పిల్లల టికెట్ల వివరం కింద పోటు వేళలు రాసి ఉంటాయి. పాప్‌కార్న్ బండివాడు చక్రాల కింద ఇటుకలు పెట్టుకుంటాడు. చూడవచ్చినవాళ్ళు బూట్లు చేత పట్టుకుని నడుస్తారు, సాక్సులు తడిస్తే తిట్టుకుంటారు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

వెర్నా పని మేబెల్‌ని ఆడించడం. మేబెల్ ముసలి సముద్రసింహం, సీల్ జాతి జంతువు. తల్లిలేని పిల్లగా వచ్చినప్పుడు చేపల్ని మీగడతో రుబ్బి సీసాతో పట్టి బతికించింది వెర్నాయే. ఇప్పుడు దాని కళ్ళు రెండూ పాలపొర కమ్మి తెల్లబడ్డాయి. బకెట్ కాడ చప్పుడు వింటే చాలు, వెర్నా వచ్చిందని మీసాలు నిక్కబొడుచుకుంటుంది.

ఆ పనిలో కిటుకులు రెండే. జంతువు సరిగ్గా చేసిన క్షణాన పొట్టిగా ఈల వెయ్యాలి. 'ఇదే, ఇప్పుడు నువ్వు చేసిందే' అని దానర్థం. ఈల తర్వాత చేప రావాలి. రాకపోతే ఈల అబద్ధమైపోతుంది. తప్పు చేసిందా, తిట్టకూడదు, కొట్టకూడదు, మొహమైనా చిట్లించకూడదు. కళ్ళు కదపకుండా గోడలా నిలబడాలి. ఇది కాదని దానికే తెలుస్తుంది, ఇంకోటి చేసి చూస్తుంది.

వెర్నా ఆ గోడని ఎంత బాగా నేర్చుకుందంటే, ఇంటికి కూడా పట్టుకుపోయింది. కొట్లో ఎవరన్నా వరస తప్పి ముందుకు దూరితే గోడ. ఫోనులో చెల్లెలు అడ్డంగా వాదిస్తే గోడ. మొగుడు డేల్ ఒకనాడు గుమ్మంలో నిలబడి, "డెన్వర్లో పని దొరికింది. వెళ్ళనా, వద్దా?" అన్నాడు. అంతకన్నా పెద్ద తప్పు వెర్నా తన జన్మలో చూడలేదు. అందుకని ఎన్నడూ లేనంత పెద్ద గోడైంది. డేల్ కాసేపు ఆ మొహం వంక చూశాడు. పెట్టె సర్దుకున్నాడు. సముద్రసింహానికి ఉన్నపాటి బుర్ర మగవాడికీ ఉంటుందనుకోవడం ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పొరపాటు.

హస్కిల్ పోయాక పార్కు ఆయన అల్లుడు గ్రాడీ చేతికొచ్చింది. చెడ్డవాడు కాదు. చెడ్డవాడయ్యేంత తీరిక లేనివాడు. ఆ మంగళవారం రబ్బరు బూట్లు ఈడ్చుకుంటూ కొలను దగ్గరికొచ్చాడు.

"వెర్నా, మేబెల్‌కి చూపు పోయింది. జార్జియాలో ఒక పార్కువాళ్ళు తీసుకెళ్తామంటున్నారు. ఆటలేం ఉండవు. చిన్న తొట్టిలో పెడతారు, జనం పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. బదులుగా మనకి కుర్రదాన్ని ఇస్తారు. శుక్రవారం లారీ వస్తుంది. నువ్వు పిలిస్తే తప్ప అది బోనెక్కదు కదా, నువ్వే పిలవాలి. సరేనా?"

వెర్నా గోడైపోయింది. రెప్ప వెయ్యలేదు.

"థాంక్స్ వెర్నా. గొడవ పెట్టుకుంటావేమోనని రాత్రంతా నిద్రలేదు నాకు," అని గ్రాడీ గుండెలనిండా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయాడు.

ఆయన ఎందుకు థాంక్స్ అన్నాడో వెర్నాకి అర్థం కాలేదు. తన గోడ చూసి బుద్ధొచ్చిందనుకుంది. ఆ మర్నాటి నుంచి రోసాల్బా మాట్లాడటం మానేసి చేపల్ని బల్లకేసి బాదుతుంటే, మళ్ళీ పన్నునొప్పి కాబోలనుకుంది.

శుక్రవారం బకెట్ పట్టుకుని వచ్చేసరికి కొలను గట్టుకి వెనకమొహం పెట్టి లారీ నిలబడి ఉంది. బోను తలుపు తెరిచి ఉంది. డ్రైవరు శాండ్‌విచ్ తింటున్నాడు.

"పోటు రాకముందే కానిచ్చెయ్యాలి," అన్నాడు గ్రాడీ. "పిలువు."

"ఈ లారీ ఎందుకొచ్చింది?"

"అదేంటి? మంగళవారం సరేనన్నావుగా!"

"నేనెప్పుడన్నాను?"

"కాదనలేదుగా!"

"కాదన్నాను. నీ ఎదురుగా నిలబడి."

"నోటితో అన్నావా?"

వెనక రోసాల్బా ఏప్రన్‌తో నెత్తి కొట్టుకుంది. "ఓరి దేవుడోయ్! ఒసేయ్ మొద్దూ, నీ గోడ మొహం జంతువులకి తెలుస్తది గాని మాకేం తెలుస్తదే? నేను నిన్ను మూడ్రోజుల్నించీ తిట్టుకుంటున్నా, కన్నకూతుర్ని అమ్మేసినట్టు ఒప్పుకుందీ పాపిష్టిదని. ఆ రోజు డేల్ కూడా నా వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. 'ఒక్కసారి వద్దంటుందేమోనని అడిగా రోసాల్బా, ఆ ఒక్క ముక్కా అనలేదు' అని."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వే పొమ్మన్నావనుకున్నానే తల్లీ!"

ఈ గోలలో ఎవరూ చూడలేదు. బకెట్ కాడ చప్పుడు విన్న మేబెల్ నీళ్ళలోంచి పైకొచ్చి, మీసాలతో దారి తడుముకుంటూ చెక్కపలక ఎక్కి, తనంతట తానే బోనులోకి వెళ్ళి బుద్ధిగా కూర్చుంది. చిన్నప్పుడు నేర్పిన పాఠమే. మెడ ఎత్తి ఈల కోసం ఎదురుచూస్తోంది.

"ఈల వెయ్యండి మేడమ్," డ్రైవరు తలుపు మీద చెయ్యి వేశాడు. "లేకపోతే బెదిరిపోద్ది."

వెర్నా మెడలో తాడుకున్న ఈల తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది. గొంతులో మాట ఉంది. రెండూ బయటికి రాలేదు. అలవాటైన మనిషి కదా, కళ్ళు నిలబడిపోయాయి, మొహం గోడైపోయింది.

"చూశావా, సరేనంటోంది," అన్నాడు గ్రాడీ సంతోషంగా.

"ఇవాళ పోటు ఆలస్యం," అన్నాడు ఇటుకలు చేత్తో పట్టుకుని పాప్‌కార్న్ బండివాడు.

అప్పుడందరూ కొలను వంక చూశారు. పలక మీద రాసిన వేళ దాటిపోయింది. నీళ్ళు రాలేదు, పోలేదు. గాలికి చేలు కదులుతున్నాయి గాని నీటి మీద ముడత లేదు. డాల్ఫిన్లు కూడా ఎవరో ఆపమన్నట్టు నీటి మధ్యలో ఆగిపోయి ఉన్నాయి. అంత నీరూ చదునుగా, మెరుస్తూ, కోపం లేకుండా, మొహం చిట్లించకుండా ఒకవైపే చూస్తోంది.

వెర్నాకి ఆ నిలబడటం తెలుసు. అది తనదే.

ఇది కాదు. ఇంకోటి చేసి చూడు.

వెర్నా తల అడ్డంగా ఊపింది. నీరు కదల్లేదు. పళ్ళ మధ్యనుంచి ఈల తీసి పిడికిట్లో పట్టుకుంది. కదల్లేదు. "మేబెల్," అంది. ఊహూఁ.

"వద్దు," అంది.

తలుపు రాసుకున్నట్టు కీచుగా వచ్చిందా మాట. కొలను అంచున ఒక్క చిన్న అల లేచింది.

"వద్దు గ్రాడీ! అదెక్కడికీ పోదు. నేను పోనివ్వను. మంగళవారమూ అదే అన్నాను, నీ చెవికెక్కలేదు. ఇప్పుడు ఎక్కించుకో. వద్దు!"

కొలను అడుగునుంచి ఈల వినిపించింది. పొట్టిగా, ఒక్కసారి.

వెర్నా ఈల పిడికిట్లోనే ఉంది. ఎవరు వేశారని ఎవరూ అడగలేదు. మేబెల్ అటు చెవి పెట్టి, బోనులోంచి నెమ్మదిగా దిగి, వచ్చిన దారినే తడుముకుంటూ వెర్నా కాళ్ళ దగ్గరికొచ్చి కూర్చుంది.

అప్పుడొచ్చింది పోటు. ఆపుకున్నదంతా కలుపుకుని, చప్పుడు లేకుండా, గోరువెచ్చగా మోకాళ్ళు దాటి నడుముల దాకా లేచింది. లారీ బాతులా తేలింది. ఒకసారి అటూ ఇటూ ఊగి, మెల్లగా గేటు వైపు తిరిగింది.

"మేడమ్, ఇక్కడ రోజూ ఇంతేనా?" శాండ్‌విచ్ పైకెత్తి పట్టుకుని లారీలోకి ఎక్కేసిన డ్రైవరు కిటికీలోంచి అడిగాడు.

"ఇంతే," అంది రోసాల్బా. "పలక చదువుకోవద్దూ?"

లారీ తిమింగిలం నోట్లోంచి బయటికి పోయింది. చేల మీదుగా తేలుతూ పోయి రహదారి మీద, జార్జియా వైపు మొహం పెట్టి, ఖాళీ బోనుతో దిగింది.

గ్రాడీ టికెట్ల గది కప్పు మీద కూర్చుని బూట్లలోంచి నీళ్ళు వంపుకున్నాడు. "అయితే నువ్వనేది... వద్దనా?"

"వద్దనే."

"మరి మంగళవారమే చెప్పొచ్చుగా!"

వెర్నా మొహం గోడ కాబోయింది. కాకుండా ఆపుకుంది. "నోరు మూసుకో గ్రాడీ," అంది.

"సరే," అన్నాడు గ్రాడీ. ఆ రోజు తర్వాత మేబెల్ ఊసెత్తలేదు.

ఆటు మొదలైంది. నీళ్ళు బల్లల కిందనుంచి, ఇటుకల సందులోంచి జారి కొలనులోకి పోయాయి. వెర్నా బూటు దగ్గర మాత్రం ఒక హెర్రింగ్ చేప మిగిలింది. గడ్డకట్టినది కాదు, కళ్ళు గాజుల్లా తళతళమంటున్నాయి. మేబెల్ మీసాలతో తడిమి చూసి, మూతి పెట్టకుండా, ముక్కుతో వెర్నా వైపు తోసింది. ఈల ఎవరికి వేశారో చేప వాళ్ళదే.

ఆ సాయంత్రం వెర్నా దాన్ని వెన్నలో వేయించుకుని తలతో సహా తినేసింది. చేతులు కడుక్కుంది. డెన్వర్‌కి ఫోన్ చేసింది.

"హలో? ఎవరూ?" అన్నాడు డేల్.

"వద్దు," అంది వెర్నా.