పావు కప్పు చక్కెర

అక్రోట్లు వేగుతున్న వాసన.

ముందు కమ్మగా ఉంటుంది. ఇంకో నిమిషం ఆగితే మాడిపోతుంది. ఆ నిమిషం ఎప్పుడొస్తుందో ప్రమోదకు ముక్కుతోనే తెలుసు.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే సందులోనే, మూడో అంతస్తులో, బేకింగ్ కూడా నేర్పుతారు. 'పై' అనే ఈ వంట — పిండితో చేసిన గిన్నెలో పాకం, అక్రోట్లు పోసి ఓవెన్‌లో కాల్చడం — ప్రమోద అక్కడే నేర్చుకుంది. అక్రోట్లు బాగా వేయిస్తే చక్కెర సగం చాలని టీచర్ చెప్పింది.

ఇవాళ సగం కూడా వెయ్యలేదు. పావు కప్పు.

ఎందుకంటే అత్తగారు కమలకుమారికి షుగర్. కుడికాలి బొటనవేలి మీద పుండు... నెల దాటినా మానలేదు. తీపి ఆపకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని పంజాగుట్ట డాక్టరు చెప్పేశాడు.

ఎందుకంటే ఇవాళ ఆమె పుట్టినరోజు.

ఎందుకంటే — ఇది ఎవరికీ చెప్పదు — ఆ నోటి నుంచి ఒక్క మంచి మాట కోసం ప్రమోద పదకొండేళ్ళుగా ఎదురుచూస్తోంది.

పదకొండేళ్ళు. సిరిసిల్ల నేతవాళ్ళ పిల్ల, పాలకొల్లు వాళ్ళ ఇల్లు. పులుసులో బెల్లం వెయ్యడం తెలియని కోడలు. చుట్టాలు వచ్చిన ప్రతిసారీ అదే మాట, అదే నవ్వు. వాళ్ళతో పాటు ప్రమోదా నవ్వేది. ఏం చేస్తుంది మరి!

చక్కెర తగ్గితే పాకం గట్టిపడదని ఒక గుడ్డు ఎక్కువ వేసింది. చక్కగా వచ్చింది. బేగంపేట చుట్టాలు పదిమంది చుట్టూ కూర్చున్నారు. మొదటి ముక్క అత్తగారికి.

కమలకుమారి నమిలింది. ఆగింది. కాగితంలోకి ఉమ్మేసింది.

"ఏంటే ఇది? పంచదార ఏదీ? మీ నాన్న నూలుకి పెట్టే గంజిలా ఉంది!"

పదిమందీ నవ్వారు.

"అత్తమ్మా, గా పుండు మానాలని జర తగ్గించిన..."

"నా పుండు సంగతి నీకెందుకు? చేతిలో తీపి ఉండాలమ్మా. మీ వాళ్ళకి లేదు."

ఈసారి ప్రమోద నవ్వలేదు.

కిటికీ అవతల మెట్రో వెళ్ళింది. ప్లేట్లు సన్నగా వణికాయి.

మరునాడు మధ్యాహ్నం. ఇంట్లో ఇద్దరే.

ప్రమోద అక్రోట్లు వేయించింది. కప్పు నిండా చక్కెర పోసింది. ఇంకో కప్పు పోసింది. డాక్టరు మాట మరిచిపోలేదు. మరిచిపోతే బాగుండేదేమో...

కమలకుమారి తింది. కళ్ళు మూసుకుని తింది. ప్లేటుకు అంటిన పాకం వేలితో తుడిచి నాకింది.

"ఇదీ! ఇప్పుడొచ్చింది నీ చేతికి తీపి. బంగారు తల్లివే ప్రమోదా!"

పదకొండేళ్ళు ఎదురుచూసిన మాట. ఎంత బాగుంది! కళ్ళు నిండాయి. ప్రమోద సిగ్గు లేకుండా సంతోషపడింది.

అత్తగారి మేజోడు బొటనవేలి దగ్గర తడిసి ఉంది. ప్రమోద చూసింది. చూసి — కత్తి తీసుకుంది.

"ఇంకో ముక్క పెట్టాల్నా అత్తమ్మా?"

"పెద్దది పెట్టు."

అక్రోట్ల వాసన. కమ్మగా. దాని అడుగున, మేజోడులోంచి, ఇంకో వాసన...

ఆ నిమిషం ఇంకా రాలేదో, దాటిపోయిందో ప్రమోదకు ముక్కుతోనే తెలుసు.

కత్తి ఇంకా పాకంలోనే ఉంది.